'ఫ్లాగింగ్ ఎ డెడ్ హార్స్' అని రాస్తే మేనేజర్‌కు ఎందుకు కోపం వచ్చింది?

ప్రశ్న: మాస్టారూ, మాది ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్. బరంపురంలో ఒక ప్రైవేటు కంపెనీలో సేల్స్ కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను. గునుపూర్ వైపు ఒక డీలర్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆర్డర్ పెట్టడం లేదు. మా మేనేజర్ ఒడియా ఆయన. రోజూ 'ఫాలో అప్ చెయ్యి' అంటారు. విసుగొచ్చి మెయిల్‌లో 'విత్ దిస్ డీలర్ వి ఆర్ ఫ్లాగింగ్ ఎ డెడ్ హార్స్' అని రాశాను. బూడిదలో పోసిన పన్నీరు అనే అర్థంలోనే రాశానండి. ఆయన అది నలుగురి ముందూ చదివి 'ఇక్కడ చచ్చిన గుర్రం ఎవరు?' అని అడిగారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఇడియమ్ తప్పా, నేను వాడిన చోటు తప్పా? పరీక్షల్లో, ఇంటర్వ్యూల్లో ఇలాంటివి వాడొచ్చా?

సమాధానం:

బాబూ, గ్రామర్ ప్రకారం మీ వాక్యంలో తప్పేమీ లేదు. స్పెల్లింగ్ కూడా సరిగ్గానే రాసి ఉంటారు. 'ఎఫ్-ఎల్-ఓ-జి' ఫ్లాగ్ అంటే కొరడాతో కొట్టడం. చాలామంది 'ఓ' ఉండాల్సిన చోట 'ఏ' పెట్టి, పాపం ఆ గుర్రానికి కొరడా బదులు జెండా చూపిస్తారు. మీ మేనేజర్‌కు ఇంగ్లీషు రాక కోపం రాలేదు. బాగా వచ్చు కాబట్టే వచ్చింది.

ఆ ఇడియమ్ మూడు సంగతులు ఒకేసారి చెబుతుంది. ఒకటి, గుర్రం చచ్చిపోయింది, అంటే వ్యవహారం ముగిసిపోయింది. రెండు, అది చచ్చిందని కళ్ళున్నవాళ్ళందరికీ తెలుసు. మూడు, అయినా ఎవరో కొరడా పట్టుకుని ఇంకా బాదుతున్నారు. 'వి' అని మీరు మిమ్మల్ని కూడా కలుపుకున్నారు, నిజమే. కానీ రోజూ ఫాలో అప్ చెయ్యమంటున్నది ఎవరు? కొరడా ఆయన చేతిలో ఉంది. అంటే మీ వాక్యాన్ని ఆయన చదువుకున్నది ఇలా: 'సార్, ఈ సంగతి అందరికీ అర్థమైంది, మీకు తప్ప.' డీలర్ ఆ కంపెనీకి పాత మనిషైతే, ఆయన్ని చచ్చిన గుర్రంతో పోల్చడం ఇంకో దెబ్బ.

ఇప్పుడు మీరు అనుకున్న బూడిదలో పోసిన పన్నీరు దగ్గరికి రండి. ఆ మాటలో మన శ్రమ పన్నీరు. విలువైనది, సువాసన ఉన్నది, పోయాల్సిన చోట పోయలేదు, అంతే. వినేవాడికి ముందు జాలి కలుగుతుంది. అడవి గాచిన వెన్నెల కూడా అంతే, వెన్నెలలో లోపం లేదు, చూసేవాడే లేడు. ఏట్లో పిసికిన చింతపండు అన్నా పోయింది మంచి సరుకే. తెలుగులో శ్రమ వృథా అయిందని చెప్పే మాటలు చాలావరకు పోయిన వస్తువు మీద బెంగ పెట్టుకుంటాయి. ఇంగ్లీషువి ఎక్కువగా ఆ పని చేస్తున్న మనిషి తెలివి మీద నవ్వుతాయి. ఇది నూటికి నూరు పాళ్ళూ నిజమనను. కొండను తవ్వి ఎలుకను పట్టడం మనదే, అందులో ఎగతాళి ఉంది. అలాంటిదే ఇంగ్లీషులోనూ ఉంది, కొండ పురిటి నొప్పులు పడి ఎలుకను కన్నదని. కానీ మీ విషయంలో మాత్రం జాలి మాట తీసుకెళ్ళి ఎగతాళి మాటగా మార్చి పంపారు.

ఇంకో ఇరుకు కూడా చెబుతాను, ఎందుకంటే మన పిల్లలు తరచూ దీంట్లో పడతారు. డెడ్ హార్స్ అనగానే మనకు చచ్చిన పామును కొట్టడం గుర్తొస్తుంది. రెండూ ఒకటి కావు. చచ్చిన పామును కొట్టేవాడిది ఉత్త మగతనం. ఓడిపోయినవాడి మీద, పదవి పోయినవాడి మీద ప్రతాపం చూపించేవాడిని అలా అంటాం. గుర్రాన్ని కొట్టేవాడికి శత్రువు ఎవరూ లేరు. అది లేచి బండి లాగాలన్నదే వాడి ఆశ. కాబట్టి ఎన్నికల్లో ఓడిన నాయకుడిని ఇంకా తిడుతున్నారని చెప్పడానికి ఈ గుర్రాన్ని తేకండి.

ఈ మాట పుట్టుకలో ఒక తమాషా ఉంది. 1859 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో లార్డ్ ఎల్కో అనే సభ్యుడు జాన్ బ్రైట్‌ని ఎద్దేవా చేస్తూ మాట్లాడాడు. బ్రైట్ అప్పట్లో పార్లమెంటు సంస్కరణల కోసం, ఎక్కువమందికి ఓటు హక్కు రావడం కోసం ఊరూరా సభలు పెడుతున్నాడు. చలికాలమంతా తిరిగి, ఫలితం కనబడక, చచ్చిన గుర్రాన్ని కొడుతున్నానని ఆయనే అన్నాడట అని ఎల్కో చెప్పాడు. ఈ మాట జనంలోకి పోవడంలో బ్రైట్ పేరే ప్రధానంగా వినబడుతుంది. మరి ఆ గుర్రం ఏమైంది? 1867లో సంస్కరణ చట్టం పాసైంది, పట్టణాల్లోని కార్మికుల్లో చాలామందికి ఓటు వచ్చింది. చచ్చిందన్న గుర్రం ఎనిమిదేళ్ళకు లేచి బండి లాగింది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు, మన పర్లాకిమిడినే చూడండి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. ఇక్కడే సవర గిరిజనుల దగ్గర వాళ్ళ సవర భాష నేర్చుకున్నారు, దానికి పుస్తకాలు రాశారు. ఇక్కడుండగానే వాడుక భాష ఉద్యమం ఎత్తుకున్నారు. పండితులు ఎదురుతిరిగారు, పాఠ్యపుస్తకాల వాళ్ళు పట్టించుకోలేదు. అయినా 1919లో 'తెలుగు' అని సొంతంగా పత్రిక పెట్టారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళినప్పుడు ఈ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940లో కన్నుమూశారు. అప్పటి గ్రాంథికం పండితులకు ఇంగ్లీషు ఇడియమ్స్ మీద మోజుంటే ఈ గుర్రం మాటే ఆయన మీద వేసేవారు. మీరు నాకు రాసిన ప్రశ్న, నేను రాస్తున్న జవాబు, రెండూ ఆయన అడిగిన భాషలోనే ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ ఇడియమ్ వాడేవాడు ఒక తీర్పు ఇస్తున్నాడు. గుర్రం చచ్చిందని డాక్టరులాగా సర్టిఫికెట్ రాస్తున్నాడు. ఆ సర్టిఫికెట్ రాసే అధికారం మీకు ఉందా లేదా అన్నది చూసుకోవాలి. సాటి ఉద్యోగితో క్యాంటీన్లో అంటే ఎవరూ ఏమీ అనుకోరు. పైవాడికి మెయిల్‌లో రాస్తే ఆయన చేయాల్సిన నిర్ణయం మీరు చేసేసినట్టు.

మరి శ్రమ వృథా అవుతోందని ఎలా చెప్పాలి? ముందు అది ఎక్కడ వృథా అవుతోందో తేల్చుకోండి. ఇంగ్లీషులో ఒక్కో రకం వృథాకు ఒక్కో మాట ఉంది. ఒకదాని బదులు ఒకటి పెడితే తప్పు మనిషి మీద నింద పడుతుంది.

ఎదుటివాడు వినడం లేదనుకోండి. మనం చెవిటివాడి ముందు శంఖం అంటాం, ఆఫీసులో హిందీవాళ్ళు 'భైంస్ కే ఆగే బీన్ బజానా', అంటే గేదె ముందు నాగస్వరం ఊదడం, అంటారు. ఇంగ్లీషులో అది 'బ్యాంగింగ్ మై హెడ్ అగైన్‌స్ట్ ఎ బ్రిక్ వాల్'. ఇందులో తల మనది, నొప్పి మనకే. అందుకని గుర్రం కంటే కాస్త మర్యాదగానే ఉంటుంది. అయితే గోడ ఎవరన్నది మాత్రం వినేవాడికి తెలుస్తుంది. మేనేజర్‌తో మాట్లాడుతూ డీలర్‌ని గోడ అనొచ్చు. మేనేజర్ గురించి మేనేజర్‌తోనే అనకూడదు.

లేనిదాన్ని వెతుక్కుంటూ తిరగడం 'వైల్డ్ గూస్ చేజ్', అంటే అడవి బాతు వెంటపడటం. ఇది మన సరిహద్దు జిల్లాల వాళ్ళకు బాగా పనికొచ్చే మాట. ఒక పాత కాగితం కోసం ఈ ఆఫీసువాళ్ళు ఆ ఆఫీసుకు పొమ్మంటారు. అక్కడివాళ్ళు అది మద్రాసు కాలం నాటి రికార్డు, శ్రీకాకుళం వైపు అడగమంటారు. అక్కడికి పోతే అసలు అలాంటి రిజిస్టరే లేదంటారు. 'దే సెంట్ మి ఆన్ ఎ వైల్డ్ గూస్ చేజ్' అంటే ఆ తిప్పటంతా అందులోకి వచ్చేస్తుంది. 'సెంట్' అన్న క్రియ దీనికి బాగా అతుకుతుంది, ఎందుకంటే చాలాసార్లు తప్పుడు సమాచారమిచ్చి పంపినవాడు ఇంకొకడుంటాడు. 'ఇట్ టర్న్‌డ్ అవుట్ టు బి ఎ వైల్డ్ గూస్ చేజ్' అన్నది ఇంకో వాడుక, అందులో ఎవరినీ తిట్టినట్టు కాదు. ఈ మాట షేక్‌స్పియర్ రోమియో అండ్ జూలియట్ నాటకంలో, అంటే 1590ల్లోనే ఉంది. అప్పట్లో అదొక రకం గుర్రప్పందెం. ముందు గుర్రం ఎటు పోతే వెనక గుర్రాలు బాతుల బారులాగా అటే పోవాలి. ఇక్కడా గుర్రాలే చూడండి, ఇంగ్లీషువాళ్ళకు వాటిని వదిలి పొద్దుపోదు.

మీ డీలర్ విషయానికి ఇది సరిపోదు. ఆయన ఎక్కడున్నాడో మీకు తెలుసు, ఫోన్ కూడా ఎత్తుతున్నాడు.

అవసరమే లేని శ్రమకు 'క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాసిల్' అంటారు. న్యూకాసిల్ ఇంగ్లండ్ ఈశాన్య భాగంలోని రేవు పట్టణం, ఒకప్పుడు బొగ్గంతా అక్కడి నుంచే బయటికి పోయేది. మన భాషలో చెప్పుకోవాలంటే పలాసకు జీడిపప్పు మోసుకెళ్ళినట్టు. దీన్ని చాలా గైడ్లలో 'వృథా ప్రయాస' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నాకు నచ్చదు. బొగ్గు గమ్యం చేరుతుంది, పని జరుగుతుంది, కాకపోతే అక్కడ దాని అవసరం లేదు. గుర్రం కథలో పనే జరగదు. టిమోతీ డెక్స్‌టర్ అని 18వ శతాబ్దపు అమెరికా వ్యాపారి ఒకడున్నాడు. గిట్టనివాళ్ళ మాట నమ్మి నిజంగానే న్యూకాసిల్‌కు ఓడలో బొగ్గు పంపాడని, సరిగ్గా అప్పుడే అక్కడ గని కార్మికుల సమ్మె జరుగుతుండటంతో లాభానికి అమ్ముడైందని కథ. నిజమో కాదో గానీ, క్లాసులో చెబితే పిల్లలు ఆ ఇడియమ్ ఇక మరిచిపోరు.

అందరూ కష్టపడుతున్నా పని ముందుకు కదలకపోతే మనం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటాం. దానికి 'గోయింగ్ రౌండ్ ఇన్ సర్కిల్స్' సరిపోతుంది. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కోరాపుట్ జిల్లా కొటియా పంచాయతీ ఊళ్ళ గొడవ తీసుకోండి. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ తరువాత ఎన్ని చర్చలు జరిగాయో, ఎన్నికలొచ్చిన ప్రతిసారీ సాలూరు వైపు నుంచి, పొట్టంగి వైపు నుంచి అధికారులు ఎలా పోటీపడి దిగుతారో పేపర్లో చదువుతూనే ఉంటాం. దాన్ని డెడ్ హార్స్ అన్నారంటే ఆ ఊళ్ళవాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళకు అది రోజూ బతికున్న సమస్య, రేషన్ కార్డులూ ఓట్లూ రెండు వైపులా ఉన్న మనుషులు వాళ్ళు. 'ద టాక్స్ ఆర్ గోయింగ్ రౌండ్ ఇన్ సర్కిల్స్' అంటే సమస్యను చంపకుండా చర్చల తీరును మాత్రమే తప్పుపట్టినట్టు అవుతుంది. మీ ఫాలో అప్‌కు కూడా ఈ మాట చాలావరకు నప్పుతుంది.

ఇక మీ పన్నీరుకు అన్నిటికంటే దగ్గరి మాట 'డౌన్ ద డ్రెయిన్'. 'ఆల్ అవర్ వర్క్ వెంట్ డౌన్ ద డ్రెయిన్.' పోయింది విలువైనదే అన్న బాధ ఇందులో ఉంది. అయితే ఇది కాస్త అలవోకగా, స్నేహితుల మధ్య అనుకునే మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలోనూ గజపతి జిల్లాలోనూ జీడి, కొబ్బరి చెట్లను వేళ్ళతో పెకలించింది. పాతికేళ్ళు పెంచిన తోట ఒక్క రాత్రిలో పడిపోయిన రైతు గురించి రాస్తూ డౌన్ ద డ్రెయిన్ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ 'వాజ్ లాస్ట్' అనే రెండు మామూలు మాటలే గౌరవం. ఇడియమ్ తెలిసిన ప్రతిచోటా వాడేయాలనే దుగ్ధ చదువుకునే రోజుల్లో ఉంటుంది, తరువాత తగ్గాలి.

బ్రిటిష్, అమెరికన్ తేడా కూడా ఒకటి ఉంది. బ్రిటన్‌లో 'ఫ్లాగ్', అమెరికాలో 'బీట్'. అమెరికావాళ్ళు దీన్ని ఎక్కువగా మాట మొదలుపెట్టే ముందు వాడుకుంటారు: 'ఐ డోంట్ వాంట్ టు బీట్ ఎ డెడ్ హార్స్, బట్...' అంటే 'చెప్పిందే చెబుతున్నానని అనుకోకండి గానీ' అని. అప్పుడు కొరడా మాట్లాడేవాడి చేతిలోనే ఉంటుంది కాబట్టి ఎవరికీ కోపం రాదు. మీరు ఎప్పుడైనా తప్పనిసరిగా ఈ గుర్రాన్ని ఆఫీసులోకి తీసుకురావాల్సి వస్తే ఈ దారినే తీసుకురండి. బ్రిటన్‌లో ఫ్లాగ్ అంటే వాడుకలో 'అమ్మేయడం' అని కూడా ఉంది, సేల్స్‌లో ఉన్నారు కాబట్టి ఊరికే చెప్పాను.

ఇప్పుడు మీ మెయిల్. ఆఫీసు ఉత్తరంలో ఇడియమ్ అవసరమే లేదు. ఇలా రాసి ఉంటే సరిపోయేది: 'సార్, వి హావ్ ఫాలోడ్ అప్ విత్ దిస్ డీలర్ సెవరల్ టైమ్స్, బట్ వి హావ్ నాట్ రిసీవ్డ్ ఎనీ ఆర్డర్. మే ఐ విజిట్ హిమ్ వన్స్ బిఫోర్ వి డిసైడ్?' చేసింది చెప్పారు, రాలేదని చెప్పారు, నిర్ణయం ఆయనకు వదిలారు. వ్యర్థ ప్రయత్నం అనడానికి 'ఎక్సర్‌సైజ్ ఇన్ ఫ్యుటిలిటీ' అని రాయడం మన ఆఫీసుల్లో ఒక ఫ్యాషన్, అది గుర్రానికి కోటు తొడిగినట్టు, అంతే. దాన్నీ వదిలేయండి.

జరిగినదానికి పొడుగాటి సంజాయిషీ మెయిల్ పంపకండి, ఆయన దాన్నీ నలుగురికీ చదివి వినిపిస్తారు. ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి 'సార్, ఐ ఓన్లీ మెంట్ దట్ అవర్ కాల్స్ ఆర్ నాట్ గెటింగ్ రిజల్ట్స్' అని చెప్పండి, ఒడియాలో చెప్పగలిగితే ఇంకా మంచిది. ఆ మాటతోపాటే గునుపూర్ వెళ్ళొస్తానని అడగండి. ఫోన్లో ఆర్డర్ ఇవ్వని మనిషి ఎదురుగా కూర్చుంటే పాత బకాయి గురించో, పాడైన సరుకు గురించో అసలు సంగతి చెబుతాడు. సేల్స్‌లో ఉన్న నా పాత విద్యార్థులు చెప్పే మాట ఇది, నా సొంత తెలివి కాదు.

పరీక్షల సంగతి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సి), బ్యాంకు పరీక్షల్లో వీటి అర్థాలు అడుగుతారు కాబట్టి నేర్చుకోండి. అక్కడ ఇచ్చే ఆప్షన్లలో 'యూజ్‌లెస్ ఎఫర్ట్' అనేది గుర్రానికీ బాతుకూ రెండింటికీ నప్పినట్టే కనబడుతుంది. వెతకడం అన్న మాట ఉంటే బాతు, ముగిసిన వ్యవహారం అని ఉంటే గుర్రం, అవసరం లేని చోటికి అని ఉంటే బొగ్గు. ఇంటర్వ్యూలో మాత్రం మీ అంతట మీరు వాడకండి. బోర్డువాళ్ళు వాడితే అర్థమైతే చాలు.

తప్పులు కనిపెట్టే ప్రశ్నల్లో ఇంకోటి తరచూ వస్తుంది. నా శ్రమంతా వృథా అయిందనడానికి మన దేశంలో అందరం 'ఆల్ మై ఎఫర్ట్స్ వెంట్ ఇన్ వెయిన్' అంటాం, పేపర్లలో కూడా అలాగే అచ్చవుతుంది. పరీక్ష రాసేటప్పుడు 'వర్ ఇన్ వెయిన్' అని పెట్టండి. 'వెంట్' కావాలంటే 'డౌన్ ద డ్రెయిన్' ముందు పెట్టుకోండి, అక్కడ అది సరైనదే. 'టు నో అవెయిల్' (ఫలితం లేకుండా) అయితే వాక్యం చివర, కామా తరువాత పెట్టొచ్చు: 'ఐ కాల్డ్ హిమ్ ఎవ్రీ డే, టు నో అవెయిల్.' మెయిల్‌లో కూడా ఇది పెట్టొచ్చు, ఇందులో జంతువులేవీ లేవు.